పెన్‌డ్రైవ్‌లో గేమ్ పెట్టొచ్చు, మరి ఆడగలమా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ మాత్రమే ఉంది. పెద్ద గేమ్ ఒకటి వేస్తే ఇక దేనికీ చోటుండదు. 128 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉంది. గేమ్‌ని అందులోనే ఇన్‌స్టాల్ చేసి, అక్కడి నుంచే ఆడుకోవచ్చా?

జవాబు: ఇన్‌స్టాల్ అవుతుంది. విండోస్ దృష్టిలో అది కూడా ఒక డ్రైవే. ఎక్కడ పెట్టాలని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు ఆ డ్రైవ్‌ని చూపిస్తే సరిపోతుంది. చిన్న గేమ్‌లు, పాత గేమ్‌లు అయితే హాయిగా ఆడుకోవచ్చు కూడా. కానీ మీరు పెద్ద గేమ్ అంటున్నారు కాబట్టి పెన్‌డ్రైవ్ వద్దనే చెబుతాను.

ప్యాకెట్ మీద రాసే స్పీడ్ ఒక పెద్ద ఫైల్‌ని మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదివినప్పటిది. గేమ్ అలా చదవదు. ఇక్కడో గోడ, అక్కడో చెట్టు, ఇంకెక్కడో అడుగుల చప్పుడు, ఇలా వేల చిన్న ముక్కల్ని అప్పటికప్పుడు అడుగుతుంది. మామూలు పెన్‌డ్రైవ్‌లో చదవడం, రాయడం చూసుకునే కంట్రోలర్ చిప్ ఈ పనికి తయారైంది కాదు. ఒక 30 జీబీ ఫోల్డర్‌ని అందులోకి కాపీ చేస్తూ విండోస్ చూపించే ఆకుపచ్చ గ్రాఫ్‌ని గమనించండి. మొదట ఎత్తుగా వెళ్తుంది. కొన్ని జీబీలు దాటగానే ఒక్కసారిగా కిందకు పడిపోయి అక్కడే పాకుతుంది. పెన్‌డ్రైవ్‌ని ముట్టుకుంటే వేడిగా తగులుతుంది. పెద్ద గేమ్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడూ, ఆ తర్వాత ప్రతి అప్‌డేట్‌కీ ఇదే తంతు. ఆడుతుంటే ఎదురుగా రోడ్డు ఉంటుంది కానీ పక్కన బిల్డింగులు ఆలస్యంగా వచ్చి నిలబడతాయి.

అందుకే ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ కొనుక్కోండి. యూఎస్‌బీ 3.0 పోర్టులో పెడితే సెకనుకు సుమారు 400 ఎంబీ దాకా ఇస్తుంది, గేమ్‌కి అది బాగా సరిపోతుంది. అదే ఎస్ఎస్‌డీని పాత 2.0 పోర్టులో గుచ్చితే 40 ఎంబీ దాటడమే కష్టం. 2.0 పరిమితి 480 మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. 8తో భాగిస్తే 60, అందులోనూ కొంత పోతుంది. కాబట్టి కొనే ముందు మీ పోర్టు ఏదో చూసుకోండి. చాలా కంప్యూటర్లలో 3.0 పోర్టు లోపల నీలం రంగులో ఉంటుంది, లేదా పక్కన ‘ఎస్ఎస్’ అనే గుర్తు ఉంటుంది. టైప్-సి ఆకారం చూసి స్పీడ్ ఉందనుకోవద్దు, 2.0 స్పీడుతో నడిచే టైప్-సి కేబుళ్లు కూడా ఉన్నాయి.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ సంగతంటారా, పాత గేమ్‌లకు ఓకే. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ లాంటివి మాత్రం కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీ ఉండాలంటున్నాయి.

ఇంకో మాట. ఎస్ఎస్‌డీ వల్ల లోడింగ్ టైమ్ తగ్గుతుంది, మధ్యలో ఆగి ఆగి నడవడం తగ్గుతుంది. ఫ్రేమ్ రేట్ మాత్రం గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ చేతిలోనే ఉంటుంది. డ్రైవ్‌ని ముందుగా ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఒక్కో ఫైల్ 4 జీబీ మించకూడదు, ఈ రోజుల్లో పెద్ద గేమ్‌లలో అంతకన్నా పెద్ద ఫైళ్లు ఉండొచ్చు, అవి అక్కడే ఆగిపోతాయి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరేచోట దాచుకోండి.

ప్రశ్న: ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీలో ఉన్న గేమ్ మా ఇంట్లో బాగానే నడుస్తోంది. ఫ్రెండ్ కంప్యూటర్‌లో పెట్టి క్లిక్ చేస్తే ఏదో డీఎల్ఎల్ ఫైల్ లేదని ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

జవాబు: గేమ్ మొత్తం ఆ ఫోల్డర్‌లోనే ఉందని మనం అనుకుంటాం. కానీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు గేమ్ నడవడానికి కావాల్సిన విజువల్ సి++, డైరెక్ట్‌ఎక్స్ లాంటి సహాయక ఫైళ్లు (డీఎల్ఎల్‌లు ఇవే), విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీ వివరాలు మీ ఇంటి కంప్యూటర్ సీ డ్రైవ్‌లోకి వెళ్లాయి. అవి డ్రైవ్‌తో పాటు ప్రయాణం చేయవు. గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో కొన్న గేమ్ అయితే ఫ్రెండ్ కంప్యూటర్‌లోని స్టీమ్‌లో మీ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్లి మీ డ్రైవ్‌ని జత చేయండి. ఉన్న గేమ్‌ని గుర్తుపట్టి, కావాల్సిన ఫైళ్లు మొదటిసారి నడిపేటప్పుడు అదే వేసుకుంటుంది. పని అయ్యాక లాగౌట్ చేయడం మర్చిపోకండి. జీఓజీ అనే మరో గేమ్ స్టోర్‌లో కొన్నవారికి ఇంకా సులువు. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ని డ్రైవ్‌లో దాచుకుంటే నెట్ లేకపోయినా ఎక్కడైనా వేసుకోవచ్చు.

సేవ్ ఫైళ్లనూ పట్టించుకోండి. చాలా గేమ్‌లు వాటిని సీ డ్రైవ్‌లోని డాక్యుమెంట్స్‌లోనో, యాప్‌డేటాలోనో పెడతాయి. గేమ్ ఫోల్డర్ ఒక్కటే తీసుకెళ్లి, ఎన్నో గంటలు ఆడిన గేమ్ ‘న్యూ గేమ్’ అని చూపించినప్పుడు నాకెంత బాధేసిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ గేమ్‌కి క్లౌడ్ సేవ్ (సేవ్‌ని ఆన్‌లైన్‌లో దాచే సౌకర్యం) ఉందో లేదో బయల్దేరే ముందే చూడండి. లేకపోతే సేవ్ ఫోల్డర్‌ని కూడా కాపీ చేసుకోండి.

ప్రశ్న: డ్రైవ్ తీసి మళ్లీ పెడితే ఒక్కోసారి గేమ్ ఇన్‌స్టాల్ కాలేదని చూపిస్తోంది.

జవాబు: డ్రైవ్ అక్షరం మారి ఉంటుంది. నిన్న ‘ఈ’ అయితే ఇవాళ ‘ఎఫ్’. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ఇంకేదీ వాడని ఎక్స్ లాంటి చివరి అక్షరం ఇవ్వండి.

ప్రశ్న: పీఎస్5 గేమ్‌ని యూఎస్‌బీ డ్రైవ్ నుంచి ఆడొచ్చా?

జవాబు: పీఎస్4 గేమ్‌లు ఆడొచ్చు. పీఎస్5 గేమ్‌లను అందులో దాచుకోవచ్చంతే, ఆడాలంటే మళ్లీ లోపలి స్టోరేజ్‌లోకి మార్చుకోవాలి. అయినా మళ్లీ డౌన్‌లోడ్ చేయడం కన్నా అదే త్వరగా అవుతుంది.

ప్రశ్న: చాలా చౌకగా 2 టీబీ పెన్‌డ్రైవ్ దొరికింది. గేమ్ కాపీ అవుతోంది కానీ ఓపెన్ చేస్తే ఫైల్ పాడైందంటోంది.

జవాబు: అది నకిలీది అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. లోపల ఉండేది కొద్ది జీబీల చిప్, కంప్యూటర్‌కి మాత్రం 2 టీబీ అని చెప్పేలా దాన్ని మార్చేస్తారు. చిప్ నిండాక రాసిందంతా పోతుంది, లేదా పాతదాని మీదే పడుతుంది. కాపీ పూర్తయినట్టే కనిపిస్తుంది, అందుకే జనం మోసపోతారు. డ్రైవ్‌ని ఖాళీ చేసి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. మొత్తం నింపి, తిరిగి చదివి, అసలు ఎంత చోటుందో చెబుతుంది. గంటలు పట్టినా ఆపకండి. తేడా వస్తే ఆ రిజల్ట్‌ని స్క్రీన్‌షాట్ తీసి, డబ్బు వాపసు అడగండి. ఈలోగా మీ ఫోటోలు, ముఖ్యమైన ఫైళ్లు దేన్నీ అందులో పెట్టకండి.