నంబరు అరిగిన పాత ఇంజన్ కొనవచ్చా?

ప్రశ్న: మాది చెన్నై కాసిమేడు. ఫైబర్ బోటుకు పాత ఔట్‌బోర్డు ఇంజన్ (పడవ వెనక బయట బిగించేది) చూశాను. 9.9 హెచ్‌పీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు. పులికాట్‌లో తోటి మత్స్యకారుడు 60 వేలు చెబుతున్నాడు. బిల్లు లేదు. నంబరు ప్లేటు మీద అంకెలు సగం కనబడవు. ‘ఉన్నది ఉన్నట్టు తీసుకో, రేపు నన్నడగొద్దు’ అంటున్నాడు. 5 వేలు బయానా ఇచ్చేశాను. తర్వాత పాడైతే కేసు వేయవచ్చా?

జవాబు: పాడవడం సంగతి తర్వాత, ముందు ఆ ఇంజన్ ఆయనదేనా? సొంతదారు కానివాడు అమ్మితే కొన్నవారికి హక్కు రాదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. కొద్దిపాటి మినహాయింపులున్నా మీకు పనికొచ్చేవి కావు. అసలు యజమాని వస్తే ఇంజన్ వదులుకోవాలి. 14వ సెక్షన్ కింద మీ డబ్బు అమ్మినాయన నుంచి రాబట్టుకోవచ్చు, ఆయన దొరికితే. ఇంకో ప్రమాదమూ ఉంది. దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు. చెరిగిన నంబరు, లేని బిల్లు, మరీ తక్కువ ధర... పోలీసులకు అనుమానం వచ్చేది వీటి దగ్గరే.

ప్లేటు సాధారణంగా పడవ వెనక పలకకు బిగించే బ్రాకెట్ మీద ఉంటుంది. పగటి వెలుగులో దగ్గరగా చూడండి. ఉప్పు తిన్న ప్లేటు అంతటా మసకబారుతుంది. అంకెల మీదే ఒకే దిక్కుగా గీతలుంటే, రివెట్లు మాత్రం కొత్తగా మెరుస్తుంటే అది ఆకురాయి పని. కొన్ని కంపెనీలు ఇంజన్ బ్లాకు మీద కూడా అదే నంబరు వేస్తాయి, పోల్చండి. ఆయన బోటు కాగితాల్లో ఇంజన్ నంబరు ఉంటే దానితోనూ సరిచూడండి. సబ్సిడీతో కొన్నదైతే మంజూరు ఉత్తర్వులో అమ్మకం మీద షరతు ఉందేమో చదవండి. అప్పు మీద కొన్నదైతే బాకీ తీరినట్టు చీటీ అడగండి.

ఇక నాణ్యత. వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం చూసుకోవాల్సిన భారం కొనేవారిదే. ఆ సరుకు వ్యాపారం చేసేవారికే కొంత బాధ్యత ఉంటుంది, అక్కడా మీరు పరీక్షించి కొంటే చూడగానే తెలిసే లోపాలకు వాళ్లు బాధ్యులు కారు. మీ అమ్మకందారు వ్యాపారి కాదు. పైగా ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాట కాగితం మీదికెక్కితే ఆ కాస్తా పోతుంది. దుకాణంలో కొని ఉంటే, సొంత జీవనోపాధికే నడుపుకొనే బోటు గనుక మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు 2 ఏళ్లలోపు వెళ్లవచ్చు. తోటి మత్స్యకారుడి మీద సివిల్ దావాయే గతి, గడువు 3 ఏళ్లు. 60 వేల ఇంజన్ కోసం కోర్టు వాయిదాలకు తిరిగితే వేట ఎవరు చేస్తారు?

అందుకే మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. కింది భాగం నీళ్ల డ్రమ్ములో మునిగేలా పెట్టి 15 నిమిషాలు నడపండి. నీళ్లు లేకుండా స్టార్ట్ చేయనివ్వకండి, నీటి పంపు రబ్బరు ఇంపెల్లర్ నిమిషాల్లో కాలిపోతుంది. పక్కనుంచి నీటి ధార నిలకడగా రావాలి. రెండు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) తేడా 10 శాతం దాటకూడదు. గేర్‌కేసు (కింద గేర్లుండే పెట్టె) అడుగు స్క్రూ కాస్త వదులు చేయిస్తే ఆయిల్ పాలు పోసిన టీలా వచ్చిందా, సీలు పోయి నీళ్లు చేరినట్టే.

తేలిన అంకెలన్నీ స్టాంపు కాగితం మీద రాయించి ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి: ‘ఇంజన్ నాదే, అప్పు లేదు, 15 రోజుల్లో పవర్‌హెడ్ (పైనుండే అసలు ఇంజన్ భాగం) గానీ గేర్‌బాక్స్ గానీ పాడైతే ఇంజన్ తీసుకుని డబ్బు తిరిగిస్తాను’. మిగతా సొమ్ము యూపీఐలో, సంతకాలయ్యాకే పంపండి. వాట్సాప్ మాటలు చెరపకండి, కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి.

నంబరు చదవడానికి రాక, బిల్లూ దొరక్కపోతే కొనకండి. సొంతమని చూపలేకపోవడం ఆయన తప్పు గనుక 5 వేలు వెనక్కి అడిగే హక్కు మీకుంది. ఆ కారణం రాసి ఇప్పుడే మెసేజ్ పెట్టండి. ఊరికే మనసు మారిందంటే బయానా ఆయనే ఉంచుకోవచ్చు.