రాత్రి రాణి పాటకు ఇంకా పదిహేనేళ్లు ఆగాలి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఆరేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. చర్చి గాయకబృందంలో సోప్రానో (ఆడవాళ్ల గొంతుల్లో అన్నిటికన్నా పై శ్రుతి) వరుసలో పాడుతుంది. ఈ మధ్య మోట్సార్ట్ ఆపెరా (పాటలతో నడిచే పాశ్చాత్య సంగీత నాటకం) ‘మ్యాజిక్ ఫ్లూట్’లోని రాత్రి రాణి పాటను ఫోనులో విని అచ్చం అలాగే పాడుతోంది. ఆపెరా గాయనిని అవుతానంటోంది. జేఈఈ కోచింగ్‌కు రెండు వాయిదాలు కట్టేశాం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ పాట మాన్పించండి. కల మానుకోమని కాదు, ఆ పాట ఒక్కటే. సోప్రానోల పై అంచుగా చెప్పుకునే ‘సీ’ స్వరాన్ని షడ్జమం అనుకుంటే, రాణి అక్కడి నుంచి శుద్ధ మధ్యమం దాకా ఎక్కుతుంది. 1791లో వియన్నాలో ఆ పాత్రను తొలిసారి పాడిన యోసెఫా హోఫర్ మోట్సార్ట్‌కు వదినగారు. అప్పటికే ఆమెకు ముప్పై దాటాయి. పదిహేడేళ్ల గొంతు ఆ స్వరాలను అందుకోవచ్చు. కానీ రోజూ అక్కడికి ఈడిస్తే అరిగిపోతుంది.

ఆపెరాలో మైకు ఉండదు. అరవై డెబ్బై వాద్యాల మీదుగా ఆఖరి వరుసకు గొంతు చేరాలి. ఆ బలం అరుపుతో రాదు. ఒకసారి ఒక పాఠం దగ్గర కూర్చుని చూశాను. మొదటి ఇరవై నిమిషాలు పాటే లేదు. ఆ పిల్లను నేల మీద పడుకోబెట్టి, పొట్ట మీద లావుపాటి పుస్తకం పెట్టి, ‘స్’ అంటూ ఊపిరిని సన్నగా వదలమన్నారు. పుస్తకం దబ్బున దిగితే మళ్లీ మొదటికి. ఆ తర్వాత పై స్వరాల్లో దవడ ఎంత తెరవాలో చూపించారు. బాగా పైకి వెళ్లాక ‘ఈ’ కూడా ‘ఆ’లాగే వినిపిస్తుంది, తప్పదు. సాహిత్యం స్పష్టంగా పలకాలని పెరిగిన మన పిల్లలకు ఇది మింగుడుపడదు. అలాగని కర్ణాటక సంగీతం మాన్పించకండి. ఆ శ్రుతిజ్ఞానం, లయ ఎక్కడికీ పోవు.

ఆస్ట్రేలియాకు చెందిన జోన్ సదర్లాండ్ సంగతి చెబుతాను. సిడ్నీలో టైపిస్టుగా పనిచేస్తూ పాట నేర్చుకుంది. 1952లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో చిన్న పాత్రలతో మొదలుపెట్టింది. 1959 ఫిబ్రవరిలో ‘లుచియా’ అనే ఇటాలియన్ ఆపెరాలో నాయిక పాత్ర పాడాకే ప్రపంచం ఆమె వైపు తిరిగింది. అప్పటికి ఆమెకు 32 ఏళ్లు. తనది జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఆపెరాల్లోని పాత్రలకు తగిన బరువైన గొంతని మొదట్లో అనుకునేది. కాదు, వడిగా మెలికలు తిరిగే ఇటాలియన్ పాటలే నీవని ఒప్పించింది భర్త రిచర్డ్ బోనింగ్. ఏ గొంతుకు ఏ పాత్రలు తగునో తేల్చే ఈ లెక్కను జర్మన్లు ‘ఫాఖ్’ అంటారు. పదిహేడేళ్లకే మీ అమ్మాయి ఫాఖ్ చెప్పేసే గురువు దొరికితే, మరో గురువును వెతకండి.

మన దేశంలో పుట్టి ఆ మెట్లన్నీ ఎక్కినవారూ ఉన్నారు. ముంబైలో పుట్టిన పెట్రీషియా రొజారియో లండన్‌లోని గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయంలో చదివి, అంతర్జాతీయ వేదికల మీద పాడారు.

ఇక డబ్బు. జర్మనీలో ప్రభుత్వ సంగీత విద్యాలయాలు చాలా చోట్ల ఫీజు తీసుకోవు, లేదా తక్కువ తీసుకుంటాయి. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మన విద్యార్థులకు సెమిస్టర్‌కు 1500 యూరోలు. వీసా కోసం ఏడాది ఖర్చుకు దాదాపు 11,900 యూరోలు ముందే ఖాతాలో చూపాలి (2024 లెక్క). అన్నిటికన్నా గట్టి అడ్డంకి ప్రవేశ పరీక్ష. పియానో పక్కన నిలబడి రెండు మూడు పాటలు పాడాలి. సగంలోనే ‘చాలు’ అనవచ్చు.

చదువయ్యాక జర్మనీలో ప్రభుత్వ నిధులతో నడిచే ఎనభై దాకా ఆపెరా హౌస్‌లు ఉన్నాయి. వాటిలో నెలజీతంతో ఆస్థాన గాయకులుంటారు, ఒప్పందం మాత్రం సాధారణంగా ఏడాదికొకసారి పొడిగిస్తారు. బృందగానం ఉద్యోగం ఇంకాస్త నిలకడైనది. దాన్ని చిన్నచూపు చూడకండి, ఎందరో ఇల్లు నడుపుకొనేది దానితోనే. విడిగా పాడేవారికి ప్రదర్శనకింత అని ఇస్తారు. జలుబు చేసి మానుకుంటే ఆ రోజు పారితోషికం చాలాసార్లు గోవిందా. సోప్రానోల మధ్య పోటీ మరీ ఎక్కువ.

కాబట్టి జేఈఈ రాయనివ్వండి, డిగ్రీలోనూ చేరనివ్వండి. ఇరవై దాటాక గాత్రం కోర్సులో చేరడం అక్కడ మామూలే. ఈలోగా పియానో, నొటేషన్ చదవడం, జర్మన్ భాష మొదలుపెట్టాలి, ఇటాలియన్ తర్వాత. చెన్నైలో పాశ్చాత్య గాత్రం నేర్పే కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది, రైలు ప్రయాణం ఒక్క రాత్రే. పరీక్షలయ్యాక మీరూ వెంట వెళ్లి ఒక పాఠం వినండి. రాత్రి రాణి పాట మాత్రం అక్కడ పాడనివ్వకండి. చర్చిలో పాడే కీర్తన ఒకటి చాలు.