నాన్న బైబిల్లో రెండు పెన్సిల్ తేదీలు

"కష్టకాలంలో దేవుడు గతంలో చేసిన మేలులు గుర్తుచేసుకోమంటారు. దానివల్ల నిజంగా నిరీక్షణ కలుగుతుందా, లేక మనసుకు మనం చెప్పుకునే ఓదార్పు మాత్రమేనా?" అని మీరు అడిగారు.

బైబిలు భాషలో నిరీక్షణ అంటే ఆశ. అది కలుగుతుంది. కానీ మనం సాధారణంగా గుర్తుచేసుకునే పద్ధతిలో మాత్రం కలగదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను.

ఎనిమిదేళ్ల క్రితం మా పాప 29వ వారంలోనే పుట్టింది. బరువు 1,100 గ్రాములు. ఇన్‌క్యుబేటర్ పక్కన కాసేపు నిలబడనిచ్చి, తర్వాత బయట కూర్చోమనేవారు. పాప చేతికి కట్టిన పట్టీ ఎంత బిగించినా మోచేయి దాటి పైకి జారిపోయేది. దాని మీద పాప పేరు కూడా లేదు, తల్లి పేరే ఉంది. నర్సు వచ్చి ఆ పట్టీని మళ్లీ మణికట్టు దగ్గరికి జరిపేది. మూడు రోజులపాటు నేను చూసిందల్లా ఆ పట్టీనే.

మూడో రాత్రి అమ్మ వచ్చి, నాన్న బైబిలు నా ఒడిలో పెట్టి వెళ్లింది. నాన్న పోయి అప్పటికే ఆరేళ్లు. చదివిన వచనం పక్కన పెన్సిల్‌తో తేదీ వేయడం ఆయన అలవాటు. ఎందుకు వేశారో ఒక్క ముక్క ఉండదు. 77వ కీర్తన దగ్గర రెండు తేదీలు కనిపించాయి. ఒకటి 9వ వచనం పక్కన, ఇంకొకటి 11వ వచనం పక్కన.

మొదటి తేదీ నాకు తెలుసు. నాకంటే ముందు పుట్టిన అన్నయ్య పోయిన రోజు అది. వాడు కూడా నెలలు నిండకుండానే పుట్టాడు. నాలుగు రోజులు బతికాడు.

ఆ కీర్తనలో 7 నుంచి 9 వరకు అన్నీ ప్రశ్నలే. ప్రభువు నిత్యం విడిచిపెడతాడా, దేవుడు కనికరించడం మానేశాడా అని ఆ కీర్తన రాసిన ఆసాపు నిలదీస్తాడు. 11వ వచనంలో, దేవుడు పూర్వం చేసిన కార్యాలను మనసుకు తెచ్చుకుంటాను అంటాడు. అచ్చులో రెండింటి మధ్య ఉన్నది ఒక్క వచనం. నాన్న తేదీల మధ్య పదకొండు నెలలు.

రెండో తేదీన ఏం జరిగిందని తర్వాత అమ్మను అడిగాను. "ఏమీ జరగలేదు నాన్నా. చాలా నెలల తర్వాత ఆ రోజు పొద్దున మీ నాన్నగారు మళ్లీ నోరు తెరిచి ప్రార్థన చేశారు, అంతే" అంది.

ఇక్కడే నాకు, దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల కూటాల మీద బాధ. జబ్బు నయమైనవారు, ఉద్యోగం వచ్చినవారు నిలబడి చెబుతారు. వారి ఆనందాన్ని నేను కాదనను. బిడ్డను పోగొట్టుకున్న మనిషిని మాత్రం ఎవరూ ముందుకు పిలవరు. ఆనాడు మా నాన్నను కూడా ఎవరూ పిలవలేదు. "అప్పుడు చేశాడు కాబట్టి ఇప్పుడూ చేస్తాడు" అన్నదే నిరీక్షణ అయితే, ఆ రాత్రి మా అన్నయ్య తేదీ నన్ను పూర్తిగా కూల్చేయాలి. అది కూల్చలేదు. బిడ్డను పాతిపెట్టిన నాన్న పక్కన, ఆయన మాట్లాడలేకపోయిన ఆ పదకొండు నెలలూ ఎవరో ఉన్నారని నాకు అర్థమైంది. లేకపోతే రెండో తేదీ పడేది కాదు.

ఎబెనెజరు, అంటే సహాయపు రాయి, అనగానే అందరికీ 1 సమూయేలు 7వ అధ్యాయమే గుర్తొస్తుంది. సమూయేలు మిస్పాకూ షేనుకూ మధ్య రాయి నిలబెట్టి, "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్న మాట. అదే పుస్తకం 4వ అధ్యాయం ఎవరూ తీయరు. అక్కడ ఇశ్రాయేలీయులు ఎబెనెజరు దగ్గరే దిగి, ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయారు. 30,000 మంది కూలారు, దేవుని సన్నిధికి గుర్తైన మందసం కూడా పోయింది. గెలిచాక నిలిపిన రాయికి సమూయేలు పెట్టింది, ఆ ఓటమి కథలో కనిపించే పేరునే. "ఇంతవరకు" అన్న మాటలో ఆ ఓటమి కూడా ఉందని నేను నమ్ముతాను.

విలాపవాక్యములు 3వ అధ్యాయం సంగతీ ఇంతే. ఆయన వాత్సల్యత అనుదినం కొత్తగా పుడుతుందన్న మాటను పువ్వుల బొమ్మ మీద రాసి పొద్దున్నే ఫోనుకు పంపుతారు. అది క్రీ.పూ. 586లో కాలిపోయిన యెరూషలేము కోసం ఏడ్చిన పుస్తకంలోని మాట. దానికి ముందు ఇరవై వచనాల చేదు ఉంది. ఆ ఇరవై చదవకుండా అది ఎవరికి పట్టుకోవడానికి వస్తుంది?

గతాన్ని తవ్వుకోవద్దని, పౌలు "వెనుక ఉన్నవి మరచి" అన్నాడని నాకు చెప్పినవారు కూడా ఉన్నారు. ఫిలిప్పీయులకు రాసిన ఆ అధ్యాయాన్ని పైనుంచి చదవండి. పౌలు నష్టంగా ఎంచుకున్నది తన సొంత గొప్పలను, దేవుని మేలులను కాదు. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో మోషే నలభై ఏళ్ల అరణ్యాన్ని జ్ఞాపకం చేసుకోమని ఆజ్ఞాపించాడు. అందులో ఆకలి కూడా ఉంది, దేవుడు తినడానికిచ్చిన మన్నా కూడా ఉంది.

లెక్కలు గుర్తుంటే చాలదు. మార్కు 8వ అధ్యాయంలో, కొద్ది రొట్టెలతో వేలమందికి పెట్టిన రెండుసార్లూ మిగిలిన ముక్కలు ఎన్ని గంపలు ఎత్తారని యేసు అడిగితే శిష్యులు పన్నెండు, ఏడు అని తడుముకోకుండా చెప్పారు. అదే పడవలో, రొట్టెలు లేవనే మాట్లాడుకుంటున్నారు.

మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. బైబిలు అనువాదంలో ఆ మాట ఉండటం నాకెంతో ఇష్టం. ఆ రాత్రి నాకు దొరికింది అదే. పాప బతుకుతుందన్న నమ్మకం నాకు తెల్లవారేవరకూ రాలేదు, ఆ తర్వాత చాలా రోజుల వరకూ రాలేదు. ఆ కుర్చీలో కూర్చుని ఉండగలిగాను, గొంతు పెగిలి ప్రార్థన చేయగలిగాను.

పాప ఇప్పుడు మూడో తరగతి చదువుతోంది. మీరు ఇప్పుడు 9వ వచనం దగ్గర ఉంటే 11కు పరుగెత్తకండి. ఆ పక్కనే తేదీ వేసుకోండి. పెన్సిల్ చాలు. నాన్న రాత ముప్పై ఏళ్లు దాటినా చెరగలేదు.