టెక్ సందేహాలు: పైలట్ ట్రైనింగ్‌కి ఏం కొనాలి, ఏం ఆపాలి

ఈ వారం మెయిల్స్‌లో మూడు పైలట్ ట్రైనింగ్ సామాన్ల గురించే వచ్చాయి. డబ్బు పెద్ద మొత్తంలో పోయే విషయం కాబట్టి కాలమ్ మొత్తం వాటికే ఇస్తున్నా.

"మా అబ్బాయి ఫ్లయింగ్ స్కూల్లో చేరబోతున్నాడు, హెడ్‌సెట్ కొనమంటున్నారు, మంచిది లక్ష దాటుతోంది. వాడి దగ్గర ఆల్రెడీ సోనీ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, అవి పనికిరావా సార్?" అని కరీంనగర్ నుంచి ఒక తండ్రి అడిగారు.

పనికిరావండీ. పాటలకి ఎంత బాగున్నా దానికి పెదవుల దగ్గరికి వచ్చే మైక్ ఉండదు, విమానం ప్యానెల్లోకి గుచ్చే పిన్నులూ ఉండవు. సెస్నా 152, 172 లాంటి చిన్న ట్రైనింగ్ విమానాలకి వాడే హెడ్‌సెట్ వైరు చివర రెండు పిన్నులుంటాయి, చేత్తో పట్టుకుని చూస్తే ఒకటి లావు, ఒకటి కొంచెం సన్నం. లావుది 6.35 మి.మీ., వినడానికి. సన్నది 5.23 మి.మీ., మైక్‌కి. హెలికాప్టర్‌ది వేరే, దానికి ఒకటే పిన్ను. అందుకే కొనేముందు స్కూలుకి ఫోన్ చేసి ఏ విమానం, ఏ పిన్ను అని అడగండి, ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టేసి తర్వాత అడాప్టర్ల కోసం తిరగడం వేస్ట్.

ఇక లక్ష పెట్టాలా అంటే, మొదటి రోజే అక్కర్లేదు అంటాను. బోస్ ఏ30 లాంటివి ఇంజిన్ గుయ్యిమనే శబ్దాన్ని ఎలక్ట్రానిక్స్‌తో కొట్టేస్తాయి, చాలా హాయిగా ఉంటుంది, కాదనను (బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కి ఈ ఐడియా 1978లో జ్యూరిక్ నుంచి అమెరికా వెళ్తూ విమానంలోనే వచ్చింది, వాళ్ళ మొదటి ఏవియేషన్ హెడ్‌సెట్ 1989లో బయటికొచ్చింది). కానీ డేవిడ్ క్లార్క్ హెచ్10-13.4 అని పచ్చ రంగు డొప్పలతో ఉంటుంది చూడండి, దానికి బ్యాటరీయే లేదు, చెవుల్ని గట్టిగా మూసేసి 23 డెసిబెల్స్ తగ్గిస్తుంది, మొరటుగా వాడినా ఏళ్ళ తరబడి ఉంటుంది, ధర కూడా బోస్‌లో మూడో వంతు దగ్గర్లోనే. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి, అబ్బాయి ఒక యాభై గంటలు ఎగిరాక ఏది కావాలో తనే చెప్తాడు.

ఇంకోటి, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. క్లాస్-1 మెడికల్, అంటే పైలట్లకి చేసే ఆరోగ్య పరీక్ష, అయిందా? కాకపోతే హెడ్‌సెట్ కాదు, ఫీజు కూడా కట్టకండి. కలర్ విజన్‌లోనో ఇంకెక్కడో తేడా ఉంటే అది లక్షలు పోసిన తర్వాత బయటపడకూడదు.

విజయవాడ నుంచి ఒక అమ్మాయి: "మ్యాప్స్ కోసం ఐప్యాడ్ వైఫై మోడల్ కొన్నాను, విమానంలో నా లొకేషన్ చూపిస్తుందా?"

చూపించదమ్మా. వైఫై మోడల్లో జీపీఎస్ చిప్పే ఉండదు, సెల్యులార్ మోడల్లో మాత్రమే ఉంటుంది, దాంట్లో సిమ్ వెయ్యకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. రిటర్న్ టైమ్ ఉంటే మార్చేసుకో, లేదంటే బ్లూటూత్‌తో కనెక్ట్ అయ్యే జీపీఎస్ రిసీవర్ విడిగా దొరుకుతుంది. సైజు విషయంలో మినీయే నయం, తొడకి పట్టీతో కట్టుకునే చిన్న పలక (నీబోర్డ్) మీద పెట్టుకుంటే కంట్రోల్స్‌కి అడ్డం రాదు.

అయితే దాన్ని పూర్తిగా నమ్ముకోవద్దు, ఎందుకంటే ఐప్యాడ్‌కి ఆపిల్ చెప్పే లిమిట్ 35 డిగ్రీలు. మే నెల్లో మన ఎండలకి, ఏసీ లేని కాక్‌పిట్‌లో, అద్దంలోంచి ఎండ నేరుగా పడుతుంటే స్క్రీన్ నల్లగా అయిపోయి 'చల్లబడాలి' అని మెసేజ్ ఇచ్చి కూర్చుంటుంది. అందుకే పేపర్ మ్యాపు, ఈ6బీ కంప్యూటర్ ముందు కొను. కంప్యూటర్ అంటే బ్యాటరీది కాదు, గుండ్రంగా తిప్పే బిళ్ళ. 100 నాట్ల వేగంతో (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) వెళ్తున్నావు, సరిగ్గా ఎడమ పక్కనుంచి 20 నాట్ల గాలి కొడుతోంది అనుకో, బిళ్ళ తిప్పి చుక్క పెడితే ముక్కు ఎడమకి పదకొండున్నర డిగ్రీలు తిప్పాలని, నేల మీద వేగం 98 అని కళ్ళ ముందు కనిపిస్తుంది. మనసులో లెక్కేసినా 20ని 100తో భాగించి అరవైతో గుణిస్తే 12, దాదాపు అదే. యాప్ ఆన్సర్ ఒక్కటే ఇస్తుంది, గాలి మనల్ని ఎటు తోస్తోందో చేత్తో గీస్తేనే బుర్రకెక్కుతుంది.

హైదరాబాద్ స్టూడెంట్ ఒకరు పోలరైజ్డ్ కళ్ళద్దాలు కొనొచ్చా అని అడిగారు, అవి ఎండకి బాగుంటాయని ఫ్రెండ్స్ చెప్పారట.

రోడ్డు మీద బాగుంటాయి, కాక్‌పిట్‌లో వద్దు. ఇప్పుడే ఒక పని చెయ్యండి, అవి పెట్టుకుని ఫోన్‌ని అడ్డంగా, నిలువుగా తిప్పుతూ చూడండి, ఏదో ఒక కోణంలో స్క్రీన్ మసకబారుతుంది, కొన్ని ఫోన్లలో పూర్తిగా నల్లబడుతుంది. విమానం డిస్‌ప్లే కూడా అలాగే మాయమైతే? పైగా ఎదురుగా వచ్చే ఇంకో విమానం రెక్క మీద తళుక్కుమనే వెలుగుని కూడా ఇవి తగ్గించేస్తాయి, మనం దూరం నుంచి దాన్ని పట్టుకునేదే ఆ తళుకుతో. పోలరైజ్డ్ కాని గ్రే కలర్ తీసుకోండి, వెలుగులో 70 నుంచి 85 శాతం ఆపితే చాలు, అంతకంటే డార్క్ వద్దు. కాడలు సన్నగా ఉండాలి. మా అక్క కొడుకు లావు కాడలవి పెట్టుకుని వారం రోజులు తలనొప్పి, హెడ్‌సెట్ కింద నొక్కుకుపోయి చెవి పైన ఎర్రటి గీత, పైగా ఆ సందులోంచి ఇంజిన్ మోత లోపలికి. సన్నటి తీగ ఫ్రేమ్‌కి మారాక అన్నీ పోయాయి. షాపుకి వెళ్ళేటప్పుడు హెడ్‌సెట్ కూడా పట్టుకెళ్ళి, రెండూ కలిపి పది నిమిషాలు పెట్టుకుని చూసి అప్పుడు బిల్లు వేయించండి.