అలలతో గాలిని నింపి దాచుకుంటే కరెంటు వస్తుందా?

అలల బలంతో గాలిని ట్యాంకులో నింపి, రాత్రిపూట దానితో కరెంటు తీసే ప్రాజెక్టు మీ అబ్బాయి మొదలుపెట్టాడనీ, విశాఖ తీరంలో అది సాధ్యమేనా అనీ అడిగారు. అలను పట్టుకోవడం సాధ్యమే. ఇనుప ట్యాంకులో గాలిని దాచడమే దండగ.

నా ఉద్యోగమంతా ఇక్కడే, ఓడల మరమ్మతు షెడ్డులో గాలిని కుదించే కంప్రెసర్ల దగ్గర గడిచింది. గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే గొట్టం మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కాల్సిందే. ఆ వేడంతా కరెంటు బిల్లు కట్టి తెచ్చుకున్నదే, దాన్ని కూలర్ పెట్టి మరీ బయటికి తోలేస్తాం. దాని ఫలితం గొట్టం అవతలి కొసన కనిపించేది. మే నెల మిట్టమధ్యాహ్నం, చొక్కాలు పిండితే చెమట కారే ఉక్కలో, గాలితో తిరిగే గ్రైండర్ వాడిన గాలిని వదిలే రంధ్రం చుట్టూ తెల్లగా మంచు పేరుకునేది. కొత్తగా చేరిన కుర్రాళ్లు దాన్ని మెడకు ఆనించుకుని మురిసిపోయేవారు. మేము పారబోసిన వేడి అక్కడ లోటుగా తేలుతోందని వాళ్లకు ఎవరు చెబుతారు!

లెక్క కూడా చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకును 7 బార్ల ఒత్తిడి దాకా నింపి, ఏ నష్టమూ లేకుండా వాడుకున్నా వచ్చేది పావు యూనిట్టు పైచిలుకు. అంత ట్యాంకు పెట్టి ఒక ఫ్యాను మూడు గంటలు తిప్పుకోవాలి. పైగా మన సముద్రపు గాలిలో తేమ. సాయంత్రం ట్యాంకు అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ తిప్పితే టీ రంగు నీళ్లు తుప్పుతో సహా బుస్సుమని వచ్చేవి. బీచ్ రోడ్డు పక్కన ఇనుప కమ్మీలకు తుప్పు గీకకుండానే రంగు పూసి బిల్లు పెట్టుకునే కాంట్రాక్టర్లకు ఒక్కరోజు ఆ ట్యాంకు కడిగే పని అప్పగించాలి.

కేరళలోని విళింజంలో ఐఐటీ మద్రాసు వాళ్లు 1991లో 150 కిలోవాట్ల అలల కేంద్రం పెట్టారు. కాంక్రీటు గదిలో నీరు లేచినప్పుడు గాలి బయటికి, దిగినప్పుడు లోపలికి. గాలి ఎటు వీచినా ఒకే వైపు తిరిగే వెల్స్ టర్బైను దానికి అమర్చారు. గాలిని దాచే జోలికి పోలేదు, తెలివైన పని.

దాచాలంటే భూమి లోపలే. జర్మనీలోని హంటార్ఫ్‌లో 1978 నుంచి ఉప్పు పొరల్లో తొలిచిన గుహల్లో గాలి నింపుతున్నారు. అక్కడ కూడా గాలిని తిరిగి వేడి చేయడానికి గ్యాసు మండించాల్సిందే. మన వైపు అలాంటి ఉప్పు పొరలు లేకపోతేనేం, విశాఖలోనే రాతిని తొలిచి 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచుకుంటున్నాం. చమురుకు తొలిచిన చేతులు గాలికి తొలవలేవా? నా మటుకు నాకు సందేహం లేదు. అడిగే నాథుడే లేడు.

మీ అబ్బాయి ఎలాగూ ఆగడు కాబట్టి, కంప్రెసర్ గొట్టం దగ్గరొకటి, గాలి వదిలే చోట ఒకటి థర్మామీటర్లు పెట్టమనండి. ఆ రెండు అంకెలే ప్రాజెక్టు రిపోర్టు. సేఫ్టీ వాల్వు మాత్రం కొత్తది కొనండి, పాత సామాను కొట్టులోది వద్దు.