తలసీమియా: రెండో బిడ్డకి భయం లేదా?

"నలుగురిలో ఒకరికే అన్నారు, బాబుకి వచ్చేసింది, ఇక రెండో బిడ్డకి రాదు కదా" అని అడిగారు. అలా కాదు చెల్లెమ్మా. తలసీమియా అంటే తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చే రక్తపు జబ్బు. ప్రతి కాన్పుకీ చీటీలు మళ్లీ కొత్తగా తీసినట్టే. రక్తంలో హిమోగ్లోబిన్ తయారీకి కావాల్సిన బీటా గ్లోబిన్ జన్యువు మీలో ఒకటి మంచిది, ఒకటి దెబ్బతిన్నది ఉన్నాయి, ఆయనలోనూ అంతే. బిడ్డకి చెరొకటి ఇస్తారు. రెండూ దెబ్బతిన్నవే పడితే జబ్బు వస్తుంది, ఆ అవకాశం ప్రతిసారీ 25 శాతం. మేనరికం అన్నారు కాబట్టి ఇద్దరికీ ఒకే తాత నుంచి వచ్చి ఉండొచ్చు, ఇందులో మీ తప్పు ఇసుమంతైనా లేదు.

గర్భం రాకముందే మీ ఇద్దరి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోండి. ఆ రిపోర్టు ఉంటే, 11వ వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకి ఈ జబ్బు ఉందో లేదో చెప్పగలరు. మీ తోబుట్టువులకీ పెళ్లికి ముందే, దెబ్బతిన్న జన్యువు ఉందేమో చెప్పే హెచ్‌బీఏ2 పరీక్ష తప్పకుండా చేయించండి.