సమాధానం: టెక్స్ట్‌ఫీల్డ్‌లో క్లిక్ చేయగానే ఎఫ్5 ఆగిపోవడం

జావా స్వింగ్‌తో (జావాలో విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) రాసిన మీ బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో, ఎఫ్5 నొక్కితే సేవ్ అవ్వాలని ఫ్రేమ్‌కి (అంటే మొత్తం విండోకి) కీలిజనర్ (కీ నొక్కితే వినే కోడ్) తగిలించారు. విండో తెరవగానే ఎఫ్5 పనిచేస్తోంది, టెక్స్ట్‌ఫీల్డ్‌లో క్లిక్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు, అంతే కదండీ? ఫోకస్, అంటే కీబోర్డ్ పట్టు, ఏ కాంపోనెంట్ (ఫీల్డ్, బటన్ లాంటి విండో భాగం) మీద ఉంటే దాని కీలిజనర్‌కే కీలు అందుతాయి. ఫోకస్ ఫీల్డ్‌కి వెళ్లాక ఫ్రేమ్‌కి కబురే చేరదు. రిక్వెస్ట్‌ఫోకస్‌తో ఫోకస్‌ని ఫ్రేమ్‌కి వెనక్కి లాక్కునే సలహా జోలికి మాత్రం పోకండి, టైప్ చేస్తున్నవాళ్ల కర్సర్ మాయమవుతుంది.

దానికి బదులు కీ బైండింగ్ (కీని నేరుగా ఒక పనికి ముడివేయడం) వాడండి. రూట్‌పేన్‌ని (ఫ్రేమ్ లోపలి భాగాలన్నింటినీ పట్టి ఉంచేది) ఇన్‌పుట్‌మ్యాప్ (ఏ కీకి ఏ పేరో చెప్పే పట్టిక) అడిగేటప్పుడు ‘వెన్ ఇన్ ఫోకస్డ్ విండో’ షరతు ఇవ్వండి, అప్పుడు ఫోకస్ ఆ విండోలో ఎక్కడున్నా చాలు. ఏమీ ఇవ్వకపోతే ‘వెన్ ఫోకస్డ్’ (ఫోకస్ తన మీదే ఉంటేనే) వస్తుంది, కథ మళ్లీ మొదటికే. ఆ ఇన్‌పుట్‌మ్యాప్‌లో ఎఫ్5 కీస్ట్రోక్‌కి ‘సేవ్’ అని పేరు పెట్టి, యాక్షన్‌మ్యాప్‌లో (ఏ పేరుకి ఏ పనో చెప్పే పట్టిక) అదే పేరుకి మీ యాక్షన్ (సేవ్ చేసే కోడ్) ఇవ్వండి. అదే యాక్షన్‌ని సేవ్ బటన్‌కీ ఇస్తే, ఆ యాక్షన్‌ని డిసేబుల్ చేసినప్పుడు బటన్, కీ రెండూ ఆగుతాయి.

సేవ్‌కి కంట్రోల్ ఎస్ కూడా కావాలంటే, ఆ కీల పేరుని స్ట్రింగ్‌గా రాసేటప్పుడు జాగ్రత్త. మధ్యలో ప్లస్ గుర్తు కాదు, ఖాళీ వదలాలి, ఎస్ పెద్దక్షరం. తేడా వస్తే, స్ట్రింగ్‌ని కీస్ట్రోక్‌గా మార్చే గెట్‌కీస్ట్రోక్ నల్ (ఏమీ లేదు అని) ఇస్తుంది, ఇన్‌పుట్‌మ్యాప్ దాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, కీ పనిచేయదు, బుర్ర వేడెక్కుతుంది!

జేటేబుల్‌లో (స్వింగ్ పట్టికలో) ఎంటర్ నొక్కితే కింది వరుసకి పోతోందన్నారు. టేబుల్‌కి సొంత బైండింగ్ ఉంది, అది విండో కంటే ముందే కీని అందుకుంటుంది. ‘వెన్ యాన్సెస్టర్ ఆఫ్ ఫోకస్డ్ కాంపోనెంట్’ (ఫోకస్ తన మీదో, తన లోపలి భాగం మీదో ఉన్నప్పుడు) షరతుతో టేబుల్ ఇన్‌పుట్‌మ్యాప్‌లోనే ఎంటర్‌ని మార్చండి.